రూదాద్ ఎవరు రాశారు?

"మంటోను అభ్యుదయ రచయితలు నిషేధించారు, కోర్టుకు కూడా ఈడ్చారు." ఈ మాట తెలుగు సభల్లో నేను కనీసం నాలుగైదుసార్లు విన్నాను. చెప్పినాయన ఎవరైనా చప్పట్లు మాత్రం పడతాయి. ఉర్దూ చదవడం వచ్చిన మనిషిగా లేచి "అది అట్ల జరగలేదు సార్" అనాల్సింది. ఒకసారి అన్నాను. మిగతాసార్లు చాయ్ తాగి వచ్చేశాను. ఆ మాట పూర్తిగా అబద్ధమైతే ఖండించడం సులువు. కానీ అది మూడు వేర్వేరు నిజాలను కలిపి ఒకే ముద్దగా చేసిన మాట. దాన్ని విడదీయాలంటే ముందు ఏ నిజం ఎవరు రాసిపెట్టారో తెలియాలి. రాసిన మనిషి ఆ రోజు గదిలో ఎక్కడ కూర్చున్నాడో కూడా తెలియాలి.

సాహిత్య సంఘాల చరిత్రలు మనకు కొదవ లేదు. ఎప్పుడు పుట్టింది, తొలి మహాసభ ఎక్కడ, అధ్యక్షుడెవరు, ఫోటోలో కుడి నుంచి మూడో మనిషి ఎవరు, ఇవన్నీ దొరుకుతాయి. దొరకనిది తలుపు చరిత్ర. ఎవరిని రానిచ్చారు, ఎవర్ని కొంచెం ఆగమన్నారు, ఎవరిని వెళ్లమన్నారు, ఏ తారీఖున, ఏ మాటల్లో, ఎవరి సంతకంతో? ఉర్దూలో సభ జరిగిన తీరును రాసిపెట్టడాన్ని రూదాద్ అంటారు. మనం మినిట్స్ అంటున్నది దాన్నే. రూదాద్ లేని సంఘానికి చివరికి జ్ఞాపకాలు మాత్రమే మిగులుతాయి. జ్ఞాపకాలు రాసే తీరిక చాలాసార్లు గెలిచినవాళ్లకే ఉంటుంది.

ఈ ప్రశ్న మనం కొత్తగా కనిపెట్టింది కాదు. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' వచ్చినప్పుడు, 1998లో 'జల్‌జలా' వచ్చినప్పుడు తెలుగు సాహిత్యాన్ని మనవాళ్లు అడిగింది ఇదే కదా. మీ చరిత్రలో మేమెక్కడ, మమ్మల్ని ఎవరు తీసేశారు, ఎప్పుడు తీసేశారు? అడగడం సబబే. అయితే ఆ ప్రశ్నకు రెండో అంచు కూడా ఉంది. దాన్ని మన ఇంట్లో వాడామా? ఆ సంగతికి వస్తాను. ముందు మన పెద్దల ఇంటికి వెళ్దాం.

సజ్జాద్ జహీర్ రాసిన 'రోషనాయి' నేను బి.ఏ. చదివే రోజుల్లో అబ్బా అల్మారాలో దొరికింది. అట్టలేని పుస్తకం. రోషనాయి అంటే సిరా, వెలుగు అనే అర్థమూ ఉంది. తరఖ్ఖీ పసంద్ ముసన్నిఫీన్ అంజుమన్, అంటే మనం అభ్యుదయ రచయితల సంఘం అనే దాని అఖిల భారత రూపం, ఎలా పుట్టింది, ఎలా పెరిగింది అన్నదానికి ఇప్పటికీ అందరూ తిరగేసే పుస్తకం ఇదే. రావల్పిండి కుట్ర కేసులో 1951లో అరెస్టయిన జహీర్ దీన్ని పాకిస్తాన్ జైళ్లలో రాశాడు. 1956లో అచ్చయింది. జైల్లో ఫైళ్లుండవు, ఉత్తరాలుండవు, పాత పత్రికలు దొరకవు. కాబట్టి ఇది జ్ఞాపకం మీద నడిచిన పుస్తకం. ఆ సంగతి ఆయన దాచలేదు కూడా. ఎవరిమీదా విషం కక్కకుండా, స్నేహితుల చిన్న చిన్న అలవాట్లతో సహా ఎంత ప్రేమగా రాశాడంటే, మొదటిసారి చదివినప్పుడు నేను ఆ గదుల్లో కూర్చున్నట్టే అనిపించింది. రెండోసారి చదివినప్పుడు మాత్రం ఒకటి పట్టుకుంది. ఇందులో 'మేము' అనే మాట చాలా పెద్ద పని చేస్తుంది. 'మేము అనుకున్నాం', 'మాకు అనిపించింది' అనే ధోరణిలో కథ నడుస్తుంటే, ఆ 'మేము'లో ఆ రోజు ఎందరున్నారు, ఎందరు కాదన్నారు అన్నది కనబడకుండా పోతుంది.

పుట్టుక దగ్గరే పేచీ ఉంది. 1932 డిసెంబర్‌లో లక్నో నుంచి 'అంగారే' వచ్చింది. సజ్జాద్ జహీర్, అహ్మద్ అలీ, రషీద్ జహాన్, మహ్మూదుజ్జఫర్ నలుగురి రచనలు. తొమ్మిది కథలు, ఒక నాటిక. మౌల్వీల మీద, పరదా మీద, ఇంట్లో మగవాడి పెత్తనం మీద రాశారు. గొడవ లేచింది. 1933 మార్చిలో సంయుక్త రాష్ట్రాల ప్రభుత్వం శిక్షాస్మృతి 295ఏ కింద నిషేధించి ప్రతులు స్వాధీనం చేసుకుంది. అదే ఏడాది ఏప్రిల్ 5న అలహాబాద్ 'లీడర్' పత్రికలో ఈ నలుగురి పక్షాన మహ్మూదుజ్జఫర్ ప్రకటన వచ్చింది. క్షమాపణ చెప్పం, ఇలాంటి రచనల కోసం అభ్యుదయ రచయితల కూటమి పెట్టుకుందాం అని దాని సారాంశం. సంఘం పుట్టింది ఆ రోజే అని అహ్మద్ అలీ జీవితాంతం వాదించాడు. జహీర్ లెక్క వేరు. 1934-35లో లండన్‌లో ముల్క్ రాజ్ ఆనంద్ వగైరా మిత్రులతో కలిసి ప్రణాళిక రాసుకోవడం, 1936 ఏప్రిల్‌లో లక్నోలో ప్రేమ్‌చంద్ అధ్యక్షతన తొలి మహాసభ, ఇదీ ఆయన వంశవృక్షం. అంగారే గురించి ఆయన ముక్తసరిగా, కొంచెం చిన్నబుచ్చినట్టే రాస్తాడు. అందులో నిదానం తక్కువ, కోపం ఎక్కువ అంటాడు.

ఎవరి మాట నిజం? కాగితం అహ్మద్ అలీ వైపు ఉంది. 1933 నాటి పత్రికలో ఆ ప్రకటన ఉంది, దాన్ని ఎవరూ చెరపలేరు. కానీ ప్రకటన అంటే సంఘం కాదు. సభ్యత్వం, శాఖలు, సభలు నడిపింది రెండో దారి. ఆ మేరకు జహీర్ మాట నిలుస్తుంది. ఇద్దరూ తమకు అవసరమైన తారీఖు పట్టుకున్నారని నా అనుమానం. అహ్మద్ అలీ ఒక నాలుగేళ్లకే సంఘానికి దూరమయ్యాడు. 1933 నుంచి లెక్క మొదలైతే తాను స్థాపకుడు, తర్వాత వచ్చినవాళ్లు ఆక్రమించినవాళ్లు. లండన్ నుంచి మొదలైతే ఆయన దారిలో దిగిపోయిన ప్రయాణికుడు. ఆయన వెళ్లిపోయాడా, వెళ్లేలా చేశారా అన్నది ఆ తారీఖు మీద ఆధారపడుతుంది.

ఈ ఇద్దరు మగవాళ్ల వాదన చదివినప్పుడల్లా నాకు రషీద్ జహాన్ గుర్తొస్తుంది. అంగారేలో ఒక కథ, ఒక నాటిక ఆమెవి. గొడవ జరిగినప్పుడు అందరికంటే ఎక్కువ తిట్లు తిన్నది ఆమే. 'అంగారేవాలీ' అని పేరు పెట్టారు. డాక్టరు, పార్టీ కార్యకర్త, సంఘానికి ఇల్లూ చేతులూ ఇచ్చిన మనిషి. 1952లో మాస్కోలో చనిపోయింది. జహీర్ పుస్తకం అచ్చవడానికి నాలుగేళ్ల ముందు. ఆమె జ్ఞాపకాల పుస్తకం రాసి ఉంటే పుట్టుక పేచీలో మూడో సాక్షి ఉండేది. ఆమెకు రోగులున్నారు, పార్టీ పనుంది. రాయడానికి వ్యవధి దొరకలేదు.

ప్రణాళిక సంగతి కూడా ఒక మాట. సంఘం ప్రణాళిక అని అందరూ ఒకే పాఠం ఉన్నట్టు మాట్లాడతారు. 1935 అక్టోబర్‌లో ప్రేమ్‌చంద్ 'హంస్'లో అచ్చువేసిన హిందీ పాఠం ఒకటి, 1936 ఫిబ్రవరిలో లండన్ 'లెఫ్ట్ రివ్యూ'లో వచ్చిన ఇంగ్లీషు పాఠం ఒకటి. తర్వాత సంఘం ఆమోదించిన పాఠం ఈ రెండింటికీ అచ్చంగా సరిపోదు. మాటలు మారాయి. ఎవరు మార్చారు, ఏ సమావేశంలో మార్చారు అన్నది ఒక్క పాఠం మాత్రమే చూసేవాళ్లకు తట్టదు. పరిశోధకులు పక్కపక్కన పెట్టి చూశారు కాబట్టి మనకీ ముక్క తెలిసింది. డెస్కు మీద పనిచేసే నాలాంటివాళ్లకు ఇది వింతేం కాదు. ఒకే వార్త జిల్లా ఎడిషన్‌లో ఒక తీరు, సిటీ ఎడిషన్‌లో ఒక తీరు వస్తుంది. కత్తెర వేసింది ఎవరో కాగితం మీద ఉండదు.

ఇక హైదరాబాద్. 1945 అక్టోబర్‌లో ఉర్దూ అభ్యుదయ రచయితల మహాసభ మన ఊళ్లో జరిగింది. బొంబాయి నుంచి రచయితలు రైలెక్కి వచ్చారు. కిషన్ చందర్ ఆ ప్రయాణాన్ని, సభను కలిపి 'పౌదే' అనే రిపోర్తాజ్ రాశాడు. 1947లో పుస్తకంగా వచ్చింది. ఉర్దూలో రిపోర్తాజ్ అనే ప్రక్రియ గురించి మాట్లాడేవాళ్లంతా దాని పేరు చెప్తారు. నా బి.ఏ. తెలుగు పాఠాల్లో 1943 తెనాలి మహాసభ ఉంది, తాపీ ధర్మారావు అధ్యక్షత ఉంది. రెండేళ్ల తర్వాత హైదరాబాద్‌లో జరిగిన ఈ సభ లేదు. ఒకే కుటుంబానికి చెందిన రెండు సభలు. ఒకటి తెలుగు లిపిలో ఉండి చరిత్ర అయింది, రెండోది ఉర్దూ లిపిలో ఉండి మా అబ్బా అల్మారాలో ఉండిపోయింది.

ఆ సభలో అశ్లీలత మీద తీర్మానం వచ్చింది. అప్పటికి ఇస్మత్ చుగ్తాయ్ 'లిహాఫ్' మీద, మంటో కథల మీద కేసులు నడుస్తున్న కాలం. అభ్యుదయ రచయితలంటే బూతు రాతగాళ్లు అని బయట ప్రచారం. ఆ మచ్చ తుడుచుకోవాలని నాయకత్వానికి అనిపించింది. సాహిత్యంలో అశ్లీలతను మా సంఘం ఖండిస్తోంది అని చెప్పే తీర్మానాన్ని డాక్టర్ అబ్దుల్ అలీమ్ ప్రవేశపెట్టాడు. జహీర్ వగైరా నాయకులు దాని వెనక ఉన్నారు. నెగ్గడం ఖాయమనుకున్నారు. లేచి అడ్డుపడింది ఎవరనుకుంటున్నారు? మౌలానా హస్రత్ మోహానీ. గడ్డం, టోపీ, నమాజు, మళ్లీ మళ్లీ హజ్ చేసొచ్చిన మనిషి. 1921 అహ్మదాబాద్ కాంగ్రెస్‌లో సంపూర్ణ స్వాతంత్ర్యం అడిగినవాడు, 1925 కాన్పూర్ కమ్యూనిస్టు మహాసభకు ఆహ్వాన సంఘం అధ్యక్షుడు. 'ఇంక్విలాబ్ జిందాబాద్' నినాదం ఆయన ఇచ్చిందే అంటారు. 1982లో వచ్చిన 'నికాహ్' సినిమాలో గులాం అలీ గొంతులో మనమంతా విన్న ఆ గజల్ రాసింది కూడా ఈ మౌలానాయే. ప్రేమ, శరీరం, కోరిక లేకుండా కవిత్వమేమిటి, సున్నితమైన శృంగారానికి చోటు ఉండాల్సిందే అని ఆయన వాదం. తీర్మానం నెగ్గలేదు.

నేనీ సంఘటనను ఎన్నిసార్లు చెప్పుకున్నా తనివి తీరదు. మన గురించి బయట ఉన్న బొమ్మకు ఇది పూర్తిగా తలకిందులు. మౌలానా నిషేధం అడగాలి, కామ్రేడ్ స్వేచ్ఛ అడగాలి. హైదరాబాద్‌లో ఆ రోజు అలా జరగలేదు. తన పక్షం ఓడిపోయిన ఈ ఘట్టాన్ని జహీర్ రోషనాయిలో చెప్పాడు. ఆ నిజాయితీకి సలాం. అయినా విమర్శకురాలిగా నాకు తీరని కొరత ఉంది. తీర్మానం పాఠం ఏమిటి, ఎవరెవరు మాట్లాడారు, మౌలానా వయసుకు, పేరుకు ఇచ్చిన గౌరవం వల్ల వదిలేశారా, నిజంగా ఆయన వాదనకు ఒప్పుకున్నారా? పెద్దాయన ముందు నోరు మెదపలేక వదిలేసిన తీర్మానం నాలుగేళ్లలో వేరే రూపంలో తిరిగొస్తుంది. ఒప్పుకుని వదిలేసింది అట్ల రాదు. ఆ తేడా తెలియాలంటే ఆ రోజు రాసుకున్న రూదాద్ కావాలి. కొన్నేళ్ల తర్వాత జైల్లో గుర్తుచేసుకున్నది ఆ పని చేయలేదు. 'పౌదే' చేతిలో పెట్టుకుంటే సభ వాతావరణం తెలుస్తుంది, కానీ అది ప్రయాణపు పుస్తకం. ఎవరైనా దాన్ని మినిట్స్‌లా వాడితే తప్పు కిషన్ చందర్‌ది కాదు.

తిరిగొచ్చింది కూడా. 1949 నవంబర్‌లో లాహోర్‌లో పాకిస్తాన్ అభ్యుదయ రచయితల మహాసభ జరిగింది. మంటో, హసన్ అస్కరీ వంటివాళ్లను ప్రగతి నిరోధకులని ముద్రవేసి, సంఘం పత్రికల్లో వాళ్ల రచనలు వేయకూడదని తీర్మానించారు. 1948 కలకత్తా మహాసభ తర్వాత పార్టీ పట్టిన అతివాద పంథా దీని వెనక ఉంది. మంటో 'సియాహ్ హాషియే'కు అస్కరీ ముందుమాట రాయడం కూడా ఒక నేరమైంది. అప్పుడు సజ్జాద్ జహీర్ పాకిస్తాన్ కమ్యూనిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి, అజ్ఞాతంలో ఉన్నాడు. ఆ తీర్మానం నాటి గాయం ఇంకా పచ్చిగా ఉన్నప్పుడే జైల్లో కూర్చుని రోషనాయి రాశాడు. పుస్తకం దేశ విభజన దగ్గర ఆగిపోతుంది. ఆగడానికి సమంజసమైన చోటే అనుకోవచ్చు. దేశమే రెండయింది, కథ అక్కడ ఆపడంలో వింతేముంది? కానీ బహిష్కరణలు మొదలయ్యేది సరిగ్గా ఆ తర్వాతే. ఈ మౌనం నాకు రోషనాయిలోని అన్ని పేజీలకంటే ఎక్కువ చెప్తుంది. ఆయనకు వ్యక్తిగతంగా దురుద్దేశం అంటగట్టను. తన పార్టీ కేసులో తానే ముద్దాయిగా ఉన్న మనిషి పార్టీ తప్పులు జైలు నుంచి ఎలా రాస్తాడు? అయితే 1955లో విడుదలై ఇండియాకు తిరిగొచ్చాక 1973 దాకా బతికాడు. రెండో భాగం రాయలేదు.

ఇప్పుడు మొదటి మాట దగ్గరకు వస్తాను. మంటోను కోర్టుకు ఈడ్చింది ప్రభుత్వం. 'కాలీ సల్వార్', 'ధువాఁ', 'బూ' మీద విభజనకు ముందు బ్రిటిష్ ప్రభుత్వం, 'ఠండా గోష్త్' మీద పాకిస్తాన్ ప్రభుత్వం. అందరి చేతిలోనూ ఒకే ఆయుధం, శిక్షాస్మృతి 292. 'ఖోల్ దో' విషయం వేరు. దాన్ని అచ్చువేసిన 'నుఖూష్' పత్రికను ఆరు నెలలు ఆపించారు. ఇక సంఘం చేసింది బహిష్కరణ తీర్మానం. ఈ రెండూ ఒకటి కావు. పైగా 'ఖోల్ దో' వేసిన నుఖూష్ సంపాదకుల్లో అహ్మద్ నదీమ్ ఖాస్మీ ఒకడు. 1949 మహాసభ తర్వాత సంఘం ప్రధాన కార్యదర్శి కూడా ఆ ఖాస్మీయే. మంటో కోసం ప్రభుత్వం చేత పత్రిక మూయించుకున్న మనిషి మరుసటేడు మంటోను వెలివేసిన సంఘానికి కార్యదర్శి. ముద్దచేసిన మాటలో ఈ మెలిక ఎక్కడ కనిపిస్తుంది?

మూడోది సాక్ష్యం. 'ఠండా గోష్త్' విచారణలో ఫైజ్ అహ్మద్ ఫైజ్ సాక్షిగా వచ్చాడు. కథ అశ్లీలం కాదన్నాడు, ఉన్నత సాహిత్య ప్రమాణాలకు అందలేదని కూడా అన్నాడు. మొదటి సగం చెప్పేవాళ్లు ఫైజ్ మంటోను కాపాడాడంటారు. రెండో సగం చెప్పేవాళ్లు ముంచాడంటారు. రెండు సగాలూ మనకు తెలియడానికి కారణం ఎవరు? మంటోయే. కింది కోర్టు 3 నెలల కఠిన శిక్ష, 300 రూపాయల జరిమానా వేసిన ఆ కేసు విచారణను, ఎవరేం చెప్పారో, తన పుస్తకానికి ముందుమాటగా పూసగుచ్చినట్టు రాసిపెట్టాడు. తనకు నచ్చని సాక్ష్యం కూడా వదల్లేదు. తాగుబోతు, గాలిమనిషి అని పేరు పడ్డవాడు రూదాద్ రాయడంలో మాత్రం గుమస్తా కంటే నిక్కచ్చి.

రూదాద్ రాయడం ఆ తరానికి రాదా అంటే వచ్చు. లాహోర్‌లో 1939లో మొదలైన హల్ఖా అర్బాబ్-ఎ-జౌఖ్‌కు ఒక పద్ధతి ఉంది. వారం వారం సమావేశం. ఒకరు రచన చదువుతారు, మిగతావాళ్లు ఉతికేస్తారు, రచయిత నోరెత్తకూడదు. కార్యదర్శి అంతా రాస్తాడు. పై వారం ముందుగా ఆ రూదాద్ చదివి వినిపిస్తారు. నేనన్నది అది కాదు అని ఎవరైనా అంటే అక్కడే దిద్దుతారు. కళ కళ కోసమే అనేవాళ్ల గుంపని మన అభ్యుదయ పెద్దలు ఈసడించిన సంఘం ఇది. వాళ్లూ 1970ల మొదట్లో రెండుగా చీలారు. అయితే చీలిక గురించి రెండు పక్షాలూ పోట్లాడుకోవడానికి కాగితాలున్నాయి. అభ్యుదయ సంఘం బొంబాయి శాఖలోనూ ఒక మంచి పని జరిగింది. 1946-47లో వారం వారం సమావేశాల రూదాద్‌ను యువ కార్యదర్శి హమీద్ అఖ్తర్ రాశాడు. చాలా ఏళ్ల తర్వాత అది 'రూదాద్-ఎ-అంజుమన్' పేరుతో పుస్తకమైంది. అందులో మహాకవులు మామూలు మనుషుల్లా ఆలస్యంగా వస్తారు, అలుగుతారు, ఒకరి మాటకు ఒకరు అడ్డొస్తారు. రోషనాయిలో నాకు దొరకని 'కాదు' అనే గొంతు అక్కడ వినిపించింది. ఈ రెంటిలో ఏది గొప్ప పుస్తకమంటే రోషనాయే అంటాను. ఏది నమ్మదగ్గ సాక్షి అంటే గుమస్తా పుస్తకమే అంటాను.

ఇదంతా మనకెందుకు అనే భాయీలకు నా సంగతి ఒకటి చెప్పాలి. పన్నెండేళ్ల కిందట ఒక జిల్లా కేంద్రంలో మా చిన్న సాహిత్య బృందం కవితా సంకలనం ఒకటి తేవాలనుకుంది. బృందం పేరు చెప్పను. ఇప్పుడది లేదు కూడా. మినిట్స్ రాసే పని నాది. ఇద్దరం ఆడవాళ్లం, మిగతా అంతా మగవాళ్లు. ఆ రెండో ఆమె ఒక కవిత ఇచ్చింది. తలాఖ్ మీద. తన అక్క కథ. అందులో భర్త కంటే ఎక్కువగా కనిపించేది, పంచాయితీకి కూర్చుని చాయ్ తాగిన పెద్దమనుషులు. చదివినాక గది కాసేపు చప్పుడు లేకుండా అయింది. తర్వాత ఒక పెద్దాయన చాలా మెత్తగా అన్నాడు: "బాగుంది బేటీ. కానీ ఇది ఎవరి చేతిలో పడుతుందో ఆలోచించు. మన మీద రాళ్లేసేవాళ్లకు మనమే రాయి అందిస్తామా?" మిగతావాళ్లు తలూపారు. నేనూ తలూపాను. కవిత తీసేశారు. ఆయన నావైపు తిరిగి, "ఇవన్నీ రాయకమ్మా, ఊరికే పేర్లెందుకు" అన్నాడు. నేను పుస్తకంలో రాసింది ఒకటే వాక్యం. 'చర్చ అనంతరం కవితల ఎంపిక ఏకగ్రీవంగా పూర్తయింది.'

ఏకగ్రీవం! ఆమె గొంతు ఏమైనట్టు? ఆ మాట రాసింది ఏ అగ్రవర్ణ సంపాదకుడో కాదు, ముస్లిం అస్తిత్వం గురించి పేజీలు నింపే నేను.

పెద్దాయన భయం ఉత్తది అని నేననను. 1933లో అంగారే మీద లేచినవాళ్ల మాటలోనూ ఇదే ఉంది, బయటివాళ్ల ముందు పరువు తీస్తున్నారని. ఆ రోజుల్లో దాన్ని కొట్టిపారేయడం నాకు సులువు. ఇవాళ మన పేరుతో వచ్చే ప్రతి వాక్యాన్నీ ఎవడో కత్తిరించి ఫోన్లలో తిప్పుతున్న రోజుల్లో అంత సులువు కాదు. 2019లో తలాఖ్ చట్టం వచ్చినప్పుడు మన ఆడవాళ్ల కన్నీళ్లను ఎవరెవరు ఎట్లా వాడుకున్నారో చూశాం. కవితను ఇప్పుడు వేయొద్దు అనడం ఒక నిర్ణయం. అది తప్పో ఒప్పో వాదించుకోవచ్చు. వేయలేదని, ఎందుకు వేయలేదని, ఎవరు కాదన్నారని రాయకపోవడం వేరే పని. మొదటిది జాగ్రత్త కావచ్చు. రెండోది చెరిపేయడం.

ఈ 'రాస్తే రాళ్లు పడతాయి' అనే వాదనను మనం ఇంకెవరి నోటినుంచి విన్నామో గుర్తుందా? 1948 సెప్టెంబర్ పోలీస్ యాక్షన్ తర్వాత హైదరాబాద్ సంస్థానంలో ఏం జరిగిందో చూడమని పండిట్ సుందర్‌లాల్‌ను పంపారు. ఆయనతో వెళ్లినవాళ్లలో ఖాజీ అబ్దుల్ గఫ్ఫార్ ఒకరు. హైదరాబాద్ 'పయామ్' పత్రిక సంపాదకుడు, 'లైలా కే ఖుతూత్' రాసిన నవలాకారుడు. తగ్గించి లెక్కేసినా 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని వాళ్ల అంచనా. ప్రభుత్వం ఆ నివేదికను దశాబ్దాల పాటు బయటపెట్టలేదు. పాత గాయాలు రేపకూడదన్నట్టు. పూర్తి పాఠాన్ని 2013లో ఎ.జి. నూరానీ తన పుస్తకంలో వేశాడు. మన చావుల లెక్క దాచినందుకు ఆ ప్రభుత్వాన్ని ఇప్పటికీ నిలదీస్తున్నాం. న్యాయమే. మా మినిట్స్ పుస్తకంలో ఆ ఒక్క వాక్యం రాసిన రోజు నా చేతిలో ఉన్నది కూడా అదే కారణం. లెక్క చిన్నది, అంతే.

రూదాద్‌లో రాయాల్సింది రాయడం ఎంత కష్టమో, లేనిది చేర్చకపోవడం కూడా అంతే కష్టం. అన్యాయం జరిగినవాళ్లకూ పెంచి చెప్పుకునే హక్కు ఉందని నేననుకోను. దూరమైన ప్రతి రచయితా వెలివేయబడ్డవాడు కాదు. మనకూ ఈ జబ్బు ఉంది. మన కథను ఒక పత్రిక తిప్పి పంపితే ప్రతిసారీ అది ముస్లిం అయినందుకే అనుకుంటాం. కొన్నిసార్లు అది నిజం. కొన్నిసార్లు కథ బాగాలేదు. నాది ఒకటి అట్లాంటిదే ఉంది. పదేళ్ల తర్వాత చదువుకుంటే తిప్పి పంపిన సంపాదకుడికి షుక్రియా చెప్పాలనిపించింది. అన్నిటినీ ఒకే గాటన కడితే నిజంగా తలుపు మూసిన సందర్భాలు కూడా ఎవరూ నమ్మరు.

ఈ వ్యాసం రాసేముందు ఆ మినిట్స్ పుస్తకం వెతికాను. దొరికింది, పాత సూట్‌కేసులో. ఆ కవయిత్రికి ఫోన్ చేశాను. ఇప్పుడు ఆమె వేరే ఊళ్లో గవర్నమెంట్ స్కూల్లో టీచరు. జరిగింది జరిగినట్టు రాస్తున్నా, నీ పేరు వేయను, నీకు అభ్యంతరమా అని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. "అబ్ క్యా ఫాయిదా ఆపా" అంది. తర్వాత, చదివి వినిపించమంది. పైన రాసిన పేరా అంతా చదివాను. విని రెండు తప్పులు చూపింది. కవిత అక్క గురించి కాదట, ఖాలా గురించి. నేను తలూపలేదట. కిందికి చూస్తూ రాసుకుంటూ కూర్చున్నానట. "నువ్వు తలూపి ఉంటే నాకు గుర్తుండేది. నువ్వు అసలు తల ఎత్తలేదు" అంది.

పై పేరాను దిద్దలేదు, ఉన్నట్టే ఉంచాను. మినిట్స్ పుస్తకంలో ఆ వాక్యం కింద, నేటి తారీఖు వేసి, ఆమె చెప్పింది చెప్పినట్టు రాశాను. ఆ కవిత ప్రతి ఆమె దగ్గర లేదట. నా దగ్గరా లేదు.